రెండు వందల పన్నెండు తెల్ల ముక్కలు

ధర్మవరంలో నల్లమ్మ ఇంటి మేడమీద రెండు గదుల్లో పవిత్ర కాపురం. కింద నాలుగు మరమగ్గాలు. పొద్దున ఎనిమిదింటికి అవి అందుకున్నాయంటే, మేడమీద బల్ల పైనున్న గ్లాసులో నీళ్లు సన్నగా వణకడం మొదలుపెడతాయి. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ చప్పుడుకు ఆమెకు తలనొప్పి వచ్చేది. పన్నెండేళ్లు గడిచాక ఇప్పుడు కరెంటు పోయి మగ్గాలు ఆగితేనే తోచదు. ఇంట్లోంచి ఎవరో లేచి వెళ్లిపోయినట్టుంటుంది.

భర్త దేవేంద్ర గూడ్సు రైలు గార్డు. ధర్మవరంలో ఎక్కితే గుంతకల్లులోనో, ఇంకా అవతలెక్కడో దిగుతాడు. మూడో రోజు ఇల్లు చేరి, స్నానం చేసి, తిని పడుకుంటాడు. లేచేసరికి మళ్లీ డ్యూటీ పిలుపు. మంచి మనిషే. ఆ మంచితనం చూసేందుకు అతను ఇంట్లో ఉండేది తక్కువ. పిల్లలు లేరు. ఆ మాట ఎత్తడం ఇద్దరూ మానేసి చాలాకాలమైంది.

రెండేళ్ల కింద లక్ష్మీకాంత్ ఫోన్ చేశాడు. అనంతపురంలో ఎమ్మెస్సీ బోటనీ ఇద్దరూ ఒకే బెంచీ వరసలో చదివారు. హిందూపురంలో చిన్న ఆఫీసు పెట్టాడు. ఉపగ్రహం పైనుంచి తీసిన ఫొటోలు చూసి మ్యాపులు గీసిచ్చే పని.

"చదివింది ఊరగాయ పెట్టుకున్నావా పవిత్రా? ఇంట్లో కూర్చొని చేసే పని ఉండాది, చేస్తావా?" అన్నాడు.

చేస్తానంది. మరుసటి వారమే పాత లాప్‌టాప్ ఒకటి పంపించాడు.

పని సముద్రపు ఒడ్డుది. పోటు వచ్చినప్పుడు నీళ్లెక్కి, పాటు తీసినప్పుడు బయటపడే ఉప్పు బురదనేలలు కృష్ణా జిల్లా ఒడ్డున మైళ్ల కొద్దీ ఉన్నాయి. రొయ్యల చెరువులకని గట్లు వేసి పోటు నీళ్లను ఆపేయడంతో వాటిలో చాలాభాగం చచ్చిపోయింది. ఏ మొక్క ఎంతమేర మిగిలింది, చచ్చిన చోట్లలో ఏవి మళ్లీ బతుకుతాయి, ఇదంతా మ్యాపులో గుర్తించాలి. ఒక్కో నేలముక్క చుట్టూ గీత గీసి, రంగు నింపి, 'పునరుద్ధరణకు పనికొస్తుంది' అనో 'పనికిరాదు' అనో రాయాలి. పనికొస్తుందన్న చోట, ఈ పని అప్పగించిన సంస్థవాళ్లు గట్టు తెగ్గొట్టి పోటు నీళ్లు లోపలికి వదులుతారు. పనికిరాదన్న చోటుకు ఇక ఎవరూ రారు.

పవిత్ర సముద్రాన్ని ఎన్నడూ కంటితో చూడలేదు. అయినా ఆమె గీసిన గీత వెంట్రుకవాసి పక్కకు పోయేది కాదు. తక్కినవాళ్లు రోజుకు నలభై ముక్కలు గీస్తే ఆమె పాతిక గీసేది. ఆ పాతికలో మళ్లీ దిద్దాల్సింది ఒక్కటి ఉండేది కాదు.

నల్లమ్మ అప్పుడప్పుడు దారం కండెలు చేతిలో పట్టుకునే పైకి వచ్చేది.

"ఏమ్మా పవిత్రా, ఎవరి చీరకు గీస్తాండావు? పల్లూనా ఇది?"

"చీరకు కాదు నల్లమ్మక్కా. ఇది నేల. సముద్రం పక్క నేల."

"నాకు తెలీదనుకున్నావా? మా డిజైన్లాయన కంప్యూటర్లో గీసేదీ ఇట్లే ఉంటాది. పచ్చ బాగుండాది గానీ, నడుమ ఈ తెల్లదేంది? చీర నడుమ తెలుపు పెడితే ఎవరు కొంటారమ్మా?"

పవిత్ర నవ్వి, "అది చౌడు అక్కా" అంది.

"చౌడా? అయితే వొదిలేయ్. దాన్నేం చేస్తావు" అని నల్లమ్మ దిగిపోయింది.

చౌడంటే ఏమిటో పవిత్రకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పెనుకొండకు ఇవతల, రైలుపట్టాలు కనిపించేంత దూరంలో, ఆమె నాయన ముత్యాలప్పకు నాలుగెకరాల చేను ఉండేది. బోరు వేశాడు. ఉప్పునీళ్లు పడ్డాయి. నీళ్లే కదా అని రెండేళ్లు వేరుశనక్కాయకు పారించాడు. మూడో ఏడు చేనంతా పిండి చల్లినట్టు తెల్లబడింది. విత్తనం వేస్తే మొలవలేదు. జిప్సం చల్లాడు, చెరువు మట్టి తోలించాడు, నీళ్లు నిలగట్టి చూశాడు. చివరికొకరోజు గట్టు మీద కూర్చొని, "ఇంక ఇది సచ్చిపాయె పాపా" అన్నాడు. అప్పుడు పవిత్రకు పదమూడేళ్లు. ఆయన పోయి ఆరేళ్లయినా ఆ మాట ఆమె చెవిలో అట్లాగే ఉంది.

అందుకే పని మొదలైన తొలి నెలలోనే, కొత్తగా చేరేవాళ్లు తడబడకూడదని, ఆమె ఒక కాగితం రాసి పంపింది: 'వేసవి ఫొటోలో తెల్లగా, నునుపుగా కనిపించే నేలను చౌడుగా గుర్తించి, పునరుద్ధరణకు పనికిరాదని రాయాలి.' లక్ష్మీకాంత్‌కు అది బాగా నచ్చింది. అదే రూలని అందరికీ పంపాడు. ఆఫీసులో తొమ్మిది మంది పనిచేస్తారు. ఒకరిది కనగానపల్లి, ఒకరిది తాడిమర్రి, ఇద్దరిది కొత్తచెరువు, తక్కినవాళ్లది హిందూపురం చుట్టుపక్కల. ఎందుకని ఒక్కరూ అడగలేదు. అందరూ చౌడు చూసి పెరిగినవాళ్లే.

మొదటి విడత పని ముగింపుకొచ్చింది. లక్ష్మీకాంత్ ఫోన్‌లో ఉత్సాహంగా ఉన్నాడు.

"శుక్రవారం హిందూపురం రా పవిత్రా. అన్నీ సరిచూసినట్టు నీ పేరు మీద టిక్కు కొట్టాల. రూలు నీది కదా. ఇంకో మాట. రెండో విడతకు నువ్వే పెద్ద. కిటికీ పక్క టేబుల్ వేయించినా, కుర్చీ తెప్పించినా. వారానికి నాలుగు రోజులు ఆఫీసుకు వచ్చి కూర్చో. రైలు పాసు ఎట్లాగూ ఉండాది కదా మీ ఆయనది."

ఫోన్ పెట్టేశాక పవిత్ర చాలాసేపు వంటింట్లో ఊరికే నిలబడింది. వారానికి నాలుగు రోజులు. మనుషులుండే గది. అన్నం డబ్బా విప్పితే, "ఏం కూర అక్కా?" అని అడిగేవాళ్లుంటారు. బీరువా తెరిచి, బయటికి కట్టుకోదగ్గ చీరలు ఎన్నున్నాయో పైకి తీసి చూసింది. ఆరు. ఇస్త్రీకి ఇవ్వాల్సినవి రెండు.

టిక్కు కొట్టడమంటే ఆమె దృష్టిలో ప్రతి ముక్కా మళ్లీ చూడటం. ఆ పని సోమవారం మొదలుపెట్టింది. బుధవారం మధ్యాహ్నం నూట పద్దెనిమిదో ముక్క దగ్గర ఆగింది. మ్యాపులో అది తెలుపు, పనికిరాదు. కానీ ఒడ్డున నేలమీద తిరిగి చూసినవాళ్లు పంపిన చీటీలో ఆ చోటికి 'ఇలకూర, నూటికి నలభై పాళ్లు' అని ఉంది. ఇలకూర ఉప్పునేలలో పెరిగే మొక్క. ఆకు చిన్నదిగా, దళసరిగా ఉంటుంది. చౌడులో నలభై పాళ్లు కూర ఎట్లా ఉంటుంది? చీటీ రాసినవాళ్లే చోటు తప్పు వేసుంటారనుకుంది. అయినా ఊరికే వదలలేకపోయింది. చీటీ అడుగున దారి చూపించిన మనిషి పేరు, నంబరు ఉన్నాయి. ఎస్తేరమ్మ, పీతలు పడుతుంది.

నాలుగోసారికి గానీ ఫోన్ ఎత్తలేదు. వెనక గాలి హోరు.

"ఎవరండీ? బురదలో ఉన్నాను, గట్టిగా చెప్పండి."

"నేను ధర్మవరం నుంచి మాట్లాడతాండానమ్మా. మీ ఊరి మ్యాపు గీస్తాం మేము. ఒక చోటు అడగాల."

"ధర్మారమా? చీరల ధర్మారమేనా? మా కోడలు ఒకటే గొడవ, ఒక్క చీర తెమ్మని! సరే అడుగమ్మా."

పవిత్ర చోటు చెప్పింది. పాత రొయ్యల చెరువు, దానికి ఉత్తరాన తెగిన గట్టు, పక్కన కాలవ.

"ఆ, ఎరికే. తుపానుకు గట్టు తెగిన చెరువు. కూరంతా అక్కడేగా ఉంది!"

"కానీ ఫొటోలో తెల్లగా ఉండాదమ్మా. చౌడు మాదిరి."

"ఎప్పటి ఫొటో?"

"మే నెల."

ఎస్తేరమ్మ పెద్దగా నవ్వింది. "మే నెలలో మమ్మల్ని చూసినా తెల్లగానే ఉంటాం, ఒంటినిండా ఉప్పే! ఎండాకాలం ఉప్పు పైకి తేలుద్దమ్మా. కూర ఎండి రాలిపోద్ది. గింజలు మట్టిలో ఉంటాయి. వానలకు మొలుస్తది, దీపావళి పెద్ద పోటుకు నీళ్లెక్కుద్ది. క్రిస్మస్ దాటాక రా, ఎర్ర దుప్పటి పరిచినట్టుంటది. కూర పెరిగితే పీత వస్తది, పిట్ట వస్తది."

"గట్టు తెగని చెరువుల్లో?" అని అడిగింది పవిత్ర.

"వాటిల్లో లేదు. పోటు రాదుగా. తెగ్గొడితే రెండేళ్లల్లో వచ్చేస్తది. ఆ మనుషులొచ్చి రాసుకుపోయారు, తెగ్గొడతామన్నారు. ఎప్పుడు తెగ్గొడతారమ్మా? నీకేమన్నా తెలుసా?"

పనికిరాదని రాసిన చోటికి ఇక ఎవరూ రారని చెప్పలేకపోయింది. కనుక్కుని చెప్తానంది.

"సరే. సముద్రం చూశావా ఎప్పుడన్నా?"

"లేదమ్మా."

"మ్యాపు గీస్తన్నావు, సముద్రం చూళ్లేదా!" ఎస్తేరమ్మ మళ్లీ నవ్వింది. ఆ నవ్వులో ఎగతాళి లేదు. అంతలోనే గాలి మింగేసినట్టు మాట తెగిపోయింది.

పవిత్ర ఆ సాయంత్రం, మరుసటి రోజంతా జనవరి ఫొటోలు తెరిచి చూసింది. అవి మొదటి నుంచీ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. మబ్బులున్నాయని, గీత సరిగా కుదరదని తనే పక్కన పెట్టింది. మబ్బుల సందుల్లోంచి నేల కనిపిస్తోంది. మే నెలలో సున్నం కొట్టినట్టున్న చోట్లు, గట్టు తెగి పోటు పారిన ప్రతిచోటా, ఇటుక పొడి చల్లినట్టు ఎర్రగా ఉన్నాయి. ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. తన రూలు పుణ్యాన 'పనికిరాదు' అని రాసినవి రెండు వందల పన్నెండు. వాటిలో నిజంగా పనికిరానివి ఎన్నో ఇప్పుడామెకు తెలియదు. ఎవరికీ తెలియదు.

దేవేంద్రకు ఫోన్ చేసింది. వెనక ఇంజను కూత.

"నావల్ల పెద్ద తప్పు జరిగింది."

"ఏం తప్పు? గ్యాస్ ఆపలేదా?"

"పనిలో. మ్యాపులో."

"అంతేనా? మాకు తప్పు జరిగితే మెమో ఇస్తారు, జవాబు రాసి సంతకం పెడతాం. నువ్వూ రాసిచ్చెయ్. సిగ్నల్ పడింది, ఉంటా."

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టింది. గ్లాసులో నీళ్లు వణుకుతున్నాయి.

శుక్రవారం ఇస్త్రీ చీర కట్టుకుని రైలెక్కింది. పెనుకొండ కొండ దగ్గరవుతుంటే, ఎప్పుడూ తల తిప్పుకునే చోట ఈసారి కిటికీ లోంచి చూసింది. నాయన చేను తెల్లగా ఒక్క క్షణం మెరిసి వెనక్కి పోయింది.

హిందూపురంలో ఆఫీసు ఒక మందుల దుకాణం మీద. కిటికీ పక్క కొత్త టేబుల్ వేసి ఉంది. కుర్చీకి చుట్టిన ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. కొత్తగా చేరిన వెన్నెల అనే అమ్మాయి లేచి, "కూర్చోండక్కా, మీ కుర్చీనే ఇది. నేనే తుడిచినా" అంది. పవిత్ర కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది గానీ కూర్చోలేదు.

లక్ష్మీకాంత్ లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. "ఈడ ఒక్క టిక్కు కొట్టు, అయిపోయె. ఒబ్బట్లు తెప్పించినా అందరికీ."

"టిక్కు కొట్టలేను లక్ష్మీకాంత్. నా రూలు తప్పు."

"నీ రూలు తప్పా? నీ రూలు చూసే కదా పని ఇచ్చినవాళ్లు మనల్ని మెచ్చుకునింది!"

ఆమె సంచిలోంచి రెండు ప్రింట్లు తీసి పక్కపక్కన పెట్టింది. ఒకటి మే, ఒకటి జనవరి. అతను వంగి చూశాడు. వెన్నెల వెనకనుంచి తొంగిచూసి, "అయ్యో, అదంతా ఎర్రగుండాది కదక్కా!" అంది.

"నువ్వు పోయి నీ పని చూసుకో పాపా" అన్నాడు లక్ష్మీకాంత్. తర్వాత గొంతు తగ్గించి, "ఎన్ని?"

"రెండు వందల పన్నెండు. నేను గీసినవి అరవై. తక్కినవి నా రూలు చూసి వీళ్లు గీసినవి."

"ఇంకెవరికి తెలుసు?"

"ఎస్తేరమ్మకు. ఆ ఊళ్లో పీతలు పడతాది."

"ఆయమ్మ మ్యాపు చూస్తాదా?"

"చూడదు. గట్టు తెగ్గొడతారా లేదా అని చూస్తా ఉంటాది."

లక్ష్మీకాంత్ కుర్చీలో వెనక్కి వాలాడు. "తప్పు గీసినాం అని ఇప్పుడు చెప్తే రెండో విడత మనకిస్తారా? ఈడ తొమ్మిది మంది ఉండారు. వాళ్లకేం చెప్పాల? నీకోసరం ఆ కుర్చీ వేయించింది నేను. నువ్వే కాలితో తంతాండావు."

"కుర్చీ నాకు కావాల లక్ష్మీకాంత్." అంది ఆమె. "ఎంత కావాలో నీకు తెలీదు."

"మరి?"

"సరిచూసినా అని రాయాల కదా నేను. చూసింది యాడ? తెల్లగుంటే మా నాయన చేను అనుకున్నా. అంతే చూసింది."

అతను లాప్‌టాప్ మూసేశాడు. "పో పవిత్రా. వాళ్లతో మాట్లాడి చెప్తా."

ఒబ్బట్ల పొట్లం ఎవరూ విప్పలేదు. మెట్లు దిగేటప్పుడు వెన్నెల వచ్చి, "నీళ్లన్నా తాగిపోండక్కా" అంది. పవిత్ర తాగి గ్లాసు తిరిగిచ్చింది.

తిరుగు రైలు పెనుకొండలో ఆగినప్పుడు పవిత్ర దిగిపోయింది. దిగాలని అనుకున్నది కాదు. షేర్ ఆటో ఎక్కి ఊరి మొదట్లో దిగి, పొలం దారిన నడిచింది. ఊళ్లో తనవాళ్లంటూ ఎవరూ లేరు. ఇల్లు అమ్మేశారు. చేను మాత్రం కొనేవాళ్లు లేక అట్లాగే ఉంది.

సాయంత్రపు ఎండలో నేల పగిలి, బీటల అంచులు తెల్లగా ఉన్నాయి. చెప్పులు విడిచి లోపలికి నడిచింది. పైపొర పాదం కింద పెళుసుగా విరిగింది. పైనుంచి చూస్తే నునుపుగా, దగ్గరికి పోతే ఇట్లా. చేను నడుమదాకా పోయి, వంగి వెతకడం మొదలుపెట్టింది.

"ఎవరమ్మా అది? ఏం పారేసుకున్నావు?"

గట్టు మీద గొర్రెలు తోలుకొస్తున్న ముసలామె. పవిత్ర గుర్తుపట్టింది. నరసక్క. చిన్నప్పుడు గొర్రెపాల జున్ను ఇచ్చేది.

"నేను నరసక్కా. ముత్యాలప్ప కూతుర్ని."

"అబ్బ! పవిత్రవా? ఇట్ల చిక్కిపోయినావే. ఏం ఎదుకుతాండావు ఈ చౌడులో?"

"ఏమన్నా మొలకెత్తిందేమో అని."

"మొలకెత్తకుండా యాడికి పోతాది? ఆ వంపులో సూడు, నీళ్లు నిలిచే చోట. గొర్రెలు దానికోసరమే ఈడికి ఉరుకుతాయి. ఉప్పుంటాది కదా ఆకులో."

వంపులో నిజంగానే ఉన్నాయి. జానెడు కూడా లేని గుబురులు. దళసరి ఆకు, బూడిద పచ్చ.

"ఇవి ఎప్పటినుంచి ఉండాయి నరసక్కా?"

"ఎప్పటినుంచా? మీ నాయన ఉన్నప్పటినుంచీ. మొలిచినప్పుడల్లా పీకి పారేస్తుండె. చేను పాడు చేస్తాదంట. ఒకపారి నా గొర్రెలను తోలితే నన్నే తిట్టె మహానుభావుడు." నరసక్క గొర్రెను కర్రతో అదిలించింది. "ఇంటికి రా, కాఫీ తాగిపోదువు."

"ఇంకోసారి వస్తా."

నరసక్క వెళ్లిపోయింది. గొర్రెల గంటలు దూరమయ్యాయి. పవిత్ర ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుంది. ఉప్పగా ఉంది. ఫోన్ తీసి గుబురు ఫొటో తీసింది. అలవాటుగా చోటు గుర్తు కూడా వేసుకుంది. ఆ తర్వాత, చూపించడానికి ఎవరున్నారని ఫోన్‌లో పేర్లు ఒక్కొక్కటే కిందికి జరిపింది. లక్ష్మీకాంత్ పేరు దాటింది. దేవేంద్ర నిద్రలో ఉంటాడు. చివరికి ఎస్తేరమ్మకు పంపింది.

శనివారం పొద్దున మగ్గాలు అందుకున్నాక రెండు కబుర్లు వచ్చాయి. మొదటిది లక్ష్మీకాంత్‌ది. పలకరింపు లేదు. 'మూడు వారాలు ఇచ్చినారు. తెల్లవన్నీ నువ్వే మళ్లీ చూడాల. వేరేవాళ్లను ఇవ్వలేను. రెండో విడత సంగతి తర్వాత చూస్తామన్నారు. టేబుల్ వెన్నెలకు ఇచ్చినా.'

రెండోది ఎస్తేరమ్మ మాట, గాలి హోరుతో కలిపి: "ఇది మా ఇలకూర కాదమ్మాయ్. ఆకు తేడాగా ఉంది. దీని చుట్టం ఏదో అయ్యుంటది. అంత ఎండలో ఎట్లా బతికిందో పాపం. గట్టు సంగతి కనుక్కున్నావా?"

పవిత్ర ఆ మాట రెండుసార్లు విన్నది. పైకి తీసిన ఆరు చీరలనూ మడిచి మళ్లీ బీరువాలో పెట్టింది. లాప్‌టాప్ తెరిచి నూట పద్దెనిమిదో ముక్క దగ్గరికి పోయింది. మే ఫొటో మూసి, జనవరిది తెరిచి, మబ్బు అంచు పక్కనుంచి కొత్తగీత మొదలుపెట్టింది. గీత చుట్టి వచ్చి కలిశాక లోపల ఎరుపు నింపింది. 'పనికొస్తుంది' అని రాసింది.

నల్లమ్మ కండెలతో పైకి వచ్చి వెనక నిలబడింది.

"తెల్లది తీసేసినావే! ఇప్పుడు బాగుండాది. ఎన్ని గీయాల ఇట్లాంటివి?"

"ఇంకా రెండు వందల పదకొండు ఉండాయి నల్లమ్మక్కా."

"అయ్యో, అన్నీ నువ్వొక్కదానివేనా?"

"నేనొక్కదాన్నే."

నల్లమ్మ కింద మగ్గం ఒకటి ఆగిన చప్పుడు విని దిగిపోయింది. పవిత్ర ఫోన్ తీసి, 'మీ చెరువు మ్యాపులో ఎక్కింది అమ్మా. తక్కిన గట్లు తెగ్గొట్టేది ఎప్పుడో నాకు తెలీదు' అని చెప్పి పంపింది. కింద ఆగిన మగ్గం మళ్లీ మొదలైంది. ఆమె రెండో ముక్క తెరిచింది.